అప్రెంటిస్ కాయితం మీద సంతకం పెట్టే ముందు

తల్లిదండ్రులకు నమస్కారం.

పోయిన నెల ఒక తల్లి నా గదికి వచ్చారు. ఆమె కొడుకు మన బడిలో పది చదివి, విజయనగరంలో ఐటీఐ ఎలక్ట్రీషియన్ ట్రేడు రెండేళ్లూ పూర్తి చేశాడు. ఒక ఫ్యాక్టరీ వాళ్లు ఏడాది అప్రెంటిస్‌గా తీసుకుంటామన్నారట. చేతిలో ఇంగ్లిషు కాయితాలు. "దీని మీద సంతకం పెట్టేస్తే మా గుంటడు ఆళ్లకి కట్టుబడిపోతాడేటి మేస్టారూ? బాండు అంటన్నారు" అన్నారు. ఈ భయం మీలో ఇంకా కొందరికి ఉండే ఉంటుంది. అందుకే ఈ నెల మిగతా సంగతులు పక్కన పెట్టి దీని గురించే రాస్తున్నాను.

ఆ కాయితం 1961 నాటి అప్రెంటిసుల (ఫ్యాక్టరీలో పని నేర్చుకునేవారి) చట్టం కింద రాసుకునే ఒప్పందం. పిల్లవాడికి పద్దెనిమిదేళ్లు నిండకపోతే తల్లో తండ్రో సంతకం చేయాలి, అందుకే మిమ్మల్ని అడుగుతారు. అందులో ట్రేడు పేరు, ఎన్ని నెలలు, నెలకు ఎంత స్టైపెండ్ (శిక్షణలో ఉండగా ఇచ్చే డబ్బు) అన్న మూడూ స్పష్టంగా ఉన్నాయా అని చూడండి. ఐటీఐ పాసైనవారికి కనీసం నెలకు 7,000 రూపాయలని 2019 నిబంధనల్లోనే పెట్టారు. అంతకంటే తక్కువ రాసి ఉంటే సంతకం పెట్టకండి, కాయితం పట్టుకుని నా దగ్గరికి రండి. కారణం లేకుండా మధ్యలో మానేస్తే శిక్షణ ఖర్చు అడిగే వీలు మాత్రం ఉంది. బాండు అన్న మాట అక్కడి నుంచే పుట్టి ఉంటుంది. ఏడాది అయ్యాక పరీక్ష రాసి పాసైతే జాతీయ అప్రెంటిస్‌షిప్ సర్టిఫికెట్ ఇస్తారు. అదే ఫ్యాక్టరీలో ఉద్యోగం ఇస్తారన్న గ్యారంటీ లేదు, ఎవరైనా ఇస్తామని నోటిమాటగా చెబితే నమ్మకండి.

మన బడిలోనే చదివిన ఇంకో అబ్బాయి ఈ కాయితాల గొడవ ఎందుకని కాంట్రాక్టరు కింద హెల్పరుగా చేరాడు. ప్యానెల్ బోర్డు దగ్గర అరచెయ్యి కాలింది. వాడెవడో నాకు తెలీదన్నాడు కాంట్రాక్టరు. ఒప్పందం రాసుకున్న అప్రెంటిస్‌కి పనిలో దెబ్బ తగిలితే పరిహారం ఇవ్వాలని చట్టంలోనే ఉంది. హెల్పరుకి చూపించుకోడానికి ఒక్క ముక్క కాయితం లేదు.

ఇక చదువు రానివాళ్లకే ఐటీఐ అన్న మాట. ఇది వింటే నాకు కోపం వస్తుంది. నేను లెక్కల మేస్టార్ని. "రూట్ 3 మాకెందుకు సార్" అని తొమ్మిదో తరగతి పిల్లలు ఏటా అడుగుతారు. ఫ్యాక్టరీలో పెద్ద మోటారుకి మూడు ఫేజుల్లో 415 వోల్టులు వస్తాయి. ఆన్ చేయగానే అది మామూలుగా తీసుకునే కరెంటుకి ఆరేడు రెట్లు లాగుతుంది. అందుకని స్టార్ డెల్టా స్టార్టరు పెడతారు. మోటారు లోపలి తీగ చుట్టల్ని కలిపే రెండు పద్ధతుల పేర్లే స్టార్, డెల్టా. మొదట చుట్టల్ని స్టార్‌లో కలిపితే ఒక్కో చుట్టకి 415ని రూట్ 3తో భాగించినంత, అంటే 240 వోల్టులే అందుతాయి. లైన్లో లాగే కరెంటు మూడో వంతుకి పడిపోతుంది. మోటారు వేగం అందుకున్నాక డెల్టాలోకి మారి, ఒక్కో చుట్టకి పూర్తి 415 అందుతుంది. ఇది అర్థమైన పిల్లవాడికి మోటారు ఎందుకు కాలిపోయిందో చెప్పడం వస్తుంది. అర్థం కానివాడు కాలిన మోటారు విప్పి కొత్తది బిగించడం దగ్గరే ఉండిపోతాడు.

ఇంట్లో వైరింగు చేయడం వేరు, పరిశ్రమలో పని వేరు. మెయిన్ స్విచ్ ఆపి, దానికి తాళం వేసి, తాళం చెవి తన జేబులో పెట్టుకుని, టెస్టరుతో చూసుకున్నాకే చెయ్యి పెట్టాలి. ఈ అలవాటు సీనియరు పక్కన నిలబడితేనే వస్తుంది.

మన గరివిడి వైపు మాంగనీసు రాయిని కరిగించేది కరెంటే. కరెంటు చార్జీలు భరించలేక ఫర్నేసులు ఆగిపోవడమూ మనం చూశాం. అందుకే ఒక్క ఫ్యాక్టరీని నమ్ముకోమనను. జూట్ మిల్లులోనూ పైడిభీమవరం మందుల కంపెనీల్లోనూ మోటారు మోటారే. 2019లో గ్రామ, వార్డు సచివాలయాల్లో ఎనర్జీ అసిస్టెంటు (కరెంటు లైన్ల పని) పోస్టులకి కూడా ఐటీఐ ఎలక్ట్రికల్ అడిగారు, స్తంభం ఎక్కే పరీక్ష పెట్టారు. ఆడపిల్లల తల్లిదండ్రులు ఇది తమకు కాదనుకోవద్దు, ఎలక్ట్రీషియన్ ట్రేడులో వాళ్లకీ సీట్లుంటాయి.

ఒక్క పని మాత్రం ఇప్పుడే చేయండి. ఆధార్‌లో పేరు, పుట్టిన తేదీ బడి రికార్డుతో సరిపోయాయో లేదో చూడండి. ఒక్క అక్షరం తేడా ఉన్నా అప్రెంటిస్ పోర్టల్లో నమోదు దగ్గర ఇబ్బంది పడతారు. పదో తరగతి పిల్లల తల్లిదండ్రులు ఈ శనివారం సాయంత్రం నాలుగింటికి పిల్లల ఆధార్ జిరాక్సు పట్టుకుని రండి. మన గుమస్తా గారు రికార్డు తీసి చూపిస్తారు. తేడా ఉంటే పరీక్ష ఫీజు కట్టేలోపే సరిచేయించుకోవాలి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయుడు