మాత్ర వేస్తే తగ్గిన జ్వరం లెక్కలోకి రాదు
(నెల్లూరు జిల్లా కలెక్టర్ గారికి బహిరంగ లేఖ)

గౌరవనీయులైన కలెక్టర్ గారికి,

మన జిల్లాకు అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకానే. జల్లు కొడుతుందని హాస్టల్ గదుల కిటికీలు మూసేసేదీ, జలుబు జ్వరాలు మంచం నుంచి మంచానికి పాకేదీ అప్పుడే. ఆలోగా సంక్షేమ హాస్టళ్లకూ గురుకులాలకూ మీ ఆఫీసు నుంచి ఒక్క పేజీ ఉత్తర్వు వెళ్లాలని మా మనవి. జ్వరమొచ్చిన పిల్లల్ని ఎన్నాళ్లు విడిగా ఉంచాలన్నది వార్డెన్‌కొక తీరుగా ఉండకూడదు.

ఫ్లూ అయితే లక్షణాలు బయటపడటానికి ఒక రోజు ముందే అంటించడం మొదలవుతుంది. మొదటి మూడు నాలుగు రోజులు జోరు ఎక్కువ. మామూలుగా అయిదు నుంచి ఏడు రోజుల్లో ఆ దశ ముగుస్తుంది, చిన్నపిల్లల్లో ఇంకాస్త సాగుతుంది. కోవిడ్ ఎనిమిది పది రోజుల దాకా పోవచ్చు. ఏ వైరస్ అన్నది ప్రతిసారీ పరీక్ష చేసి తేల్చలేం కాబట్టి అన్నిటికీ పనికొచ్చే నియమం ఒకటి కావాలి. మాత్ర వేయకుండా 24 గంటలు జ్వరం రాకూడదు, మిగతా లక్షణాలూ తగ్గుముఖం పట్టాలి. ఆ తర్వాత అయిదు రోజులు మాస్కు, కిటికీ పక్కన చోటు. అమెరికా ప్రభుత్వ వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ 2024 మార్చి నుంచి చెబుతున్నదీ ఇదే.

తేడా వచ్చేది 'మాత్ర వేయకుండా' అన్న చోటే. పొద్దున ఏడింటికి పారాసిటమాల్ వేస్తే క్లాసు వేళకు ఒళ్లు చల్లబడుతుంది, మధ్యాహ్న భోజనం దాటేసరికి మళ్లీ కాలుతుంది. మాత్ర జ్వరాన్ని దించుతుంది, వైరస్‌ను ఏమీ చేయదు. అందుకే సిక్ రిజిస్టర్‌లో చివరి మాత్ర వేసిన టైము రాయడానికి ఒక గడి ఉండాలి. సోమవారం రాత్రి 8కి చివరి మాత్ర వేశారనుకుందాం. దాని ప్రభావం నాలుగు నుంచి ఆరు గంటలు. అంటే లెక్క రాత్రి 2 నుంచి మొదలు. మంగళవారమంతా జ్వరం రాకపోతే బుధవారం టిఫిన్ వేళకు ఒకసారి చూసి క్లాసుకు పంపొచ్చు. చూసేటప్పుడు చంకలో చెమట తుడిచి, బీప్ వచ్చేదాకా థర్మామీటర్ కదపకూడదు. తడి మీద పెడితే తక్కువ చూపిస్తుంది. నుదుటి మీద చెయ్యి పెట్టి చూడటం లెక్క కాదు.

దీనికి తిరగేసిన పొరపాటూ ఉంది. జ్వరం పోయి పది రోజులైనా దగ్గుతున్నాడని పిల్లాణ్ణి బడికి రానివ్వరు. వైరస్ పోయాక కూడా దగ్గు మూడు వారాలు, ఒక్కోసారి ఎనిమిది వారాల దాకా ఉంటుంది. ఒక్క దగ్గును చూసి ఆపకండి. రెండు వారాలు దాటితే మాత్రం క్షయ పరీక్షకు పంపాలి. క్లాసుకు రానివ్వడానికి ఆర్‌టీపీసీఆర్ నెగెటివ్ అడగడమూ వద్దు, చచ్చిన వైరస్ ముక్కల్ని కూడా అది చూపిస్తుంది.

సిక్ రూమ్ అంటే బియ్యం బస్తాల పక్కన వేసిన చాప కాదు. ఎదురెదురు కిటికీలు, మంచానికీ మంచానికీ కనీసం మీటరు ఎడం ఉండాలి. గాలి లోపల్నుంచి బయటికి పోయేలా ఒక కిటికీ దగ్గర ఫ్యాను బయటికి తిప్పి పెట్టాలి. జ్వరంతో ఉన్న పిల్లను ఉదయగిరి బస్సెక్కించి ఇంటికి పంపడం ఇంకా తప్పు. బస్సులో రెండు గంటలకు పైగా పక్కవాళ్లకు, ఇంటికెళ్లాక ఆయాసంతో ఉన్న అవ్వకు అంటుతుంది.

నూటికి నూరు శాతం హాజరుకు బహుమతి ఇచ్చే పద్ధతి ఉన్నచోట దయచేసి మాన్పించండి. ఆ బహుమతి కోసమే పిల్లలు జ్వరం దాస్తారు. వంటవాళ్లు, కమాటి, వాచ్‌మన్ సంగతీ అంతే. రోజుకూలీ మీద ఉన్న వంటమనిషి కూలి పోతుందంటే జ్వరంతోనే వచ్చి వడ్డిస్తుంది. ఆ మూడు నాలుగు రోజుల కూలి ఇప్పించే వీలు ఉత్తర్వులోనే రాయండి, లేకపోతే మిగతాదంతా కాగితం మీదే ఉంటుంది.

చివరగా, పెదాలు నీలంగా మారినా, డొక్కలు ఎగరేస్తున్నా, నీళ్లు తాగలేకపోతున్నా, అయిదేళ్లు దాటిన పిల్లల్లో ఊపిరి నిమిషానికి 30 దాటినా 24 గంటల లెక్క పక్కనపెట్టి 108కి ఫోన్ చేయాలి. ఈ నాలుగు గుర్తులూ సిక్ రూమ్ గోడ మీద పెద్దక్షరాలతో రాయించగలరు.

ఇట్లు,
జిల్లాలో పిల్లల వైద్యం చూస్తున్న డాక్టర్లు, నర్సులు