పదమూడు దాటిన పిల్లలకు ఒక మాయా నవల వేయండి

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో చిన్నపిల్లలకు ఒక పేజీ ఉంది, పెద్దవాళ్లకు కథ ఉంది. నడుమ 13 నుంచి 18 ఏళ్ల వాళ్లకు ఏమీ లేదు. కాకీ నక్కా కథ వాళ్లకు పొట్టిదైపోయింది. ఉద్యోగం పోయిన నడివయసు మనిషి కథ ఇంకా వాళ్లది కాలేదు. ఈ వయసు వాళ్ల కోసం ఇంగ్లీషులో ‘యంగ్ అడల్ట్’ అని ఒక శాఖే ఉంది. అందులోనూ మాయలూ మంత్రాలూ, గుండె పిండే బాధలూ కలగలిసిన నవలలంటే మన హైదరాబాద్ పిల్లలు ప్రాణం పెడతారు. ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీదా, కోఠీ పాతపుస్తకాల దుకాణాల్లోనూ, డిసెంబరు బుక్ ఫెయిర్‌లోనూ వాళ్లు ముందు వెతుక్కునేవి అవే. “ఈ వయసులో దయ్యాలూ భూతాలూ ఏమిటి” అని విసుక్కునే పెద్దలకు ఆ నవలల్లో ఏముందో చెప్పాలనీ, అలాంటిదొకటి తెలుగులో ధారావాహికగా వేయమని మిమ్మల్ని అడగాలనీ ఈ ఉత్తరం.

ఆ నవలల్లో కథానాయికకు సాధారణంగా 15, 16, 17 ఏళ్లుంటాయి. కథ చాలావరకు ‘నేను’ అంటూ ఆమె గొంతుతోనే నడుస్తుంది. అమ్మ పోయి ఉంటుంది, చెల్లెలు కనబడకుండా పోయి ఉంటుంది, లేదా ప్రాణస్నేహితురాలు మాట్లాడటం మానేసి ఉంటుంది. సరిగ్గా అప్పుడే ఆమె చేతికి ఒక శక్తి వస్తుంది. మంచి నవలలో ఆ లోటూ ఈ శక్తీ పురి పెట్టి పేనిన తాడులా ఉంటాయి, విడదీయబోతే రెండూ తెగుతాయి. పరీక్ష తేలిక. కథలోంచి మాయను తీసేసి మిగిలింది చెప్పి చూడండి. అమ్మాయి దుఃఖం చెక్కుచెదరకుండా నిలబడితే ఆ మాయ పైపూత. మాయతో పాటు దుఃఖమూ కూలిపోతే రాసినవారికి పని తెలుసు.

ఒక ఉదాహరణ చెప్తాను. చనిపోయిన అన్న గొంతు రోజుకు ఒక్కసారి వినగల శక్తి ఒక పిల్లకు వచ్చిందనుకోండి. విన్న ప్రతిసారీ అన్న ముఖం కొంచెం మరుపున పడుతుంది. ఇప్పుడా పిల్ల వినాలా, మానుకోవాలా? కొడుకును పోగొట్టుకున్న ఇళ్లలో ఈ ప్రశ్న నోట రాకుండా తిరుగుతూనే ఉంటుంది. దాన్ని పద్నాలుగేళ్ల పిల్ల చేత్తో పట్టుకుని చూడగలిగేలా చేసేది ఆ మాయే. అందుకే ఈ నవలలు చదివి పిల్లలు ఏడుస్తారు. ఏడవనివ్వండి.

ఇదంతా పరాయి సరుకని అనుకోనక్కర్లేదు. అల్లసాని పెద్దన మనుచరిత్రలో సిద్ధుడిచ్చిన పసరు కాళ్లకు పూసుకుని ప్రవరుడు హిమాలయానికి ఎగిరిపోయాడు. అక్కడి మంచుకు ఆ పసరు కరిగిపోయింది. ఇక ఇంటికి దారి లేదు. ఇంట్లో తల్లిదండ్రులు, భార్య, వేళకు చూసుకోవలసిన అగ్నిహోత్రం. ఆ బెంగలో ఉన్నవాడికి వరూధిని ఎదురైంది. ఆ పసరు తడికి ఆగదన్న ఒక్క హద్దు మీద కావ్యం నిలబడి ఉంది. ఆ హద్దే లేకపోతే ప్రవరుడు కొండలు చూసుకుని ఇంటికి వచ్చేసేవాడు. వరూధిని గొడవ లేదు, కథ లేదు. మాయకు హద్దుండాలి, ఆ హద్దు నాయకుడికి ఎక్కడ నొప్పో సరిగ్గా అక్కడ తగలాలి అన్న సూత్రం మనకు అయిదు వందల ఏళ్ల కిందటే తెలుసు.

బాలనాగమ్మ కథ తీసుకున్నా అంతే. మాయల ఫకీరు ఆమెను కుక్కను చేసి తీసుకుపోయేటప్పటికి కొడుకు ఉయ్యాలలో ఉన్నాడు. ఆ పిల్లవాడు పెద్దవాడై, తల్లిని వెతుక్కుంటూ పోయి, ఫకీరు ప్రాణమున్న చిలకను పట్టాడు. ఏడు సముద్రాల అవతలి చిలక అందరికీ గుర్తే. తల్లి ముఖమే తెలియని కుర్రవాడు ఆమె ఎదుట నిలబడి ‘నేను నీ కొడుకును’ అని తనే చెప్పుకోవలసి వచ్చిందన్నది మనం దాటేస్తాం. ఇప్పటి యంగ్ అడల్ట్ నవల సరిగ్గా అక్కడ పది పేజీలు ఆగుతుంది.

ఇలాంటి నవలలు ఎక్కడ చెడతాయో కూడా తెలిసి ఉంటేనే వేయదగ్గది ఎంచుకోగలం.

అన్నిటికన్నా ఎక్కువగా చెడేది శక్తికి చెల్లించే వెల దగ్గర. వెల లెక్కపెట్టుకునేలా ఉండాలి. ఒకసారి వాడితే ఒక జ్ఞాపకం, ఒక రోజు ఆయుష్షు, ఒక రాత్రి నిద్ర. సగం పుస్తకానికల్లా చదివే పిల్ల మనసులో లెక్క కడుతూ ఉంటుంది: ఇంకా ఎన్ని మిగిలాయి? చివరి యుద్ధంలో రచయిత ఆ లెక్క మరిచి, అంతకుముందు చూడని కొత్త శక్తి ఒకటి నాయికకు ఇచ్చేస్తే పాఠకురాలు మోసపోయాననుకుంటుంది. చివర్లో పనికొచ్చే ప్రతి మాయా, పుస్తకంలో మూడో వంతు దాటకముందే ఒకసారి కంటబడి ఉండాలి.

రెండోది ఆరంభం. ఆరు రాజ్యాలు, మూడు వంశాలు, వెయ్యేళ్ల యుద్ధం అంటూ పది పేజీలు చెప్పుకుపోతే పదకొండో పేజీకి ఎవరూ రారు. మొదటి 300 మాటల్లో ఒక మనిషికి ఒకటి కావాలి, అది దొరక్కూడదు. రాజ్యాల సంగతి ఆమె కాలికి అడ్డం తగిలినప్పుడు చెబితే చాలు.

దుఃఖం రాయడంలో పొరపాటు ఇంకోరకం. ‘గుండె బద్దలైంది’ అని నాలుగు చోట్ల రాస్తే నాలుగోసారి ఏమీ అనిపించదు. అమ్మ దువ్వెన పళ్లలో చిక్కుకుని మిగిలిన ఒక వెంట్రుక చాలు. పెద్ద సంఘటన తరువాత ఒక నెమ్మది అధ్యాయం తప్పనిసరి. అన్నం తినడం, ఇల్లు ఊడ్చడం, ఎవరో పక్కన కూచోవడం లాంటివి జరగాలి. దాన్ని ఎగరగొట్టి వెంటనే ఇంకో యుద్ధానికి పోతే చదివేవాళ్లకు ఏడవడానికి కూడా వ్యవధి ఉండదు. మూడు భాగాలుగా వచ్చే నవలల్లో రెండోది చప్పబడటం కూడా తరచూ చూస్తాం. మొదటిదాని ప్రశ్ననే సాగదీసి, జవాబు మూడోదానికి దాచిపెట్టడం వల్ల వచ్చే జబ్బు అది. రెండో భాగానికి తన ప్రశ్న తనకుండాలి, దానిలోనే తీరాలి.

ఇక భాష. తెలుగులో ఈ నవల రాసినా, అనువదించినా అసలు చిక్కంతా ఇక్కడే. ఇంగ్లీషులో ‘మ్యాజిక్’ అన్న ఒకే మాటతో సరిపెట్టేదానికి మనకు ఒక బుట్టెడు మాటలున్నాయి. నోటితో చదివేది మంత్రం. కళ్లను భ్రమింపజేసేది కనికట్టు. ఎదుటివాడికి కీడు చేసేది చేతబడి. పోయినదాన్ని చూపించేది అంజనం. కాపాడేది తాయెత్తు. పూసుకునేది పసరు. బజార్లో జనం ముందు చేసేది గారడీ. అనువాదాల్లో వీటన్నిటినీ ‘మంత్రశక్తి’ అన్న ఒక్క మూటలో కట్టేస్తారు. ఏ మాయకు ఏ మాటో ముందే పట్టిక రాసుకుంటే, ఆ మాటలే కథకు నియమాలవుతాయి: అంజనం చూపిస్తుంది, తెచ్చి ఇవ్వదు, తాయెత్తు కాపాడుతుంది, దెబ్బ కొట్టదు.

క్రియల సంగతి ఇంకా కష్టం. ఇంగ్లీషు యంగ్ అడల్ట్ నవలలు చాలా వర్తమాన కాలంలో నడుస్తాయి. అదే తెలుగులోకి దించితే ‘నడుస్తున్నాను. తలుపు తీస్తున్నాను. చూస్తున్నాను’ అని ప్రతి వాక్యం చివరా ఒకే మోత. మన క్రియ వాక్యం చివర కూచుంటుంది కాబట్టి ఆ మోత తప్పించుకోలేం. భూతకాలంలో రాయాలి, లేదా ‘నడిచి, తలుపు తీసి చూస్తే, మంచం ఖాళీ’ అని అసమాపక క్రియలతో లాగి, క్రియ లేకుండా ఆపాలి. తెలుగుకు ఇది సహజమైన నడక. సంభాషణల్లో హైదరాబాద్ పిల్ల “నేను మిక్కిలి భయపడితిని” అనకూడదు, “నాకు మస్తు భయమైంది” అనాలి. మూడు వందల ఏళ్లుగా బావిలో ఉన్న రాణి మాత్రం గ్రాంథికంలోనే మాట్లాడనివ్వండి. ఆమె వయసు వేరే చెప్పనక్కర్లేదు, ఆ భాషే చెబుతుంది.

బావి అంటే గుర్తొచ్చింది, ఇలాంటి కథకు మన ఊళ్లో సామగ్రికి కొదవ లేదు. గోల్కొండ కోట ప్రవేశద్వారం దగ్గర చప్పట్లు కొడితే పైన కొండ మీది బాలా హిస్సార్ మండపం దాకా వినబడుతుంది. పూడిక తీసి బాగుచేసిన బన్సీలాల్‌పేట మెట్లబావి ఉంది. ఇంకా గొప్పది ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగినప్పుడు ఆ చెట్టెక్కి 150 మంది దాకా బతికారు. ఆ రాత్రి ఎక్కినవాళ్ల పేర్లన్నీ ఆ చెట్టుకు గుర్తున్నాయనీ, ఎక్కలేకపోయిన ఒకరి కోసం ఇప్పటికీ కొమ్మ కిందికి వంచుతుందనీ మొదలుపెడితే, ఈ ఊరి పిల్లలు ఆ ఆసుపత్రి మీదుగా బస్సులో పోతూ తల తిప్పి చూడరూ?

కొనేవాళ్లకు రెండు మాటలు. ఫుట్‌పాత్ మీద కొత్తగా మెరిసే చవక ప్రతులు చాలావరకు దొంగముద్రణలు. పుస్తకం 16 పేజీల ఫారాలుగా, అంటే ఒకే కాగితం మీద అచ్చు వేసి మడిచిన కట్టలుగా తయారవుతుంది, కొన్ని 32. కుట్టేటప్పుడు ఒక ఫారం జారిపోయినా, దాని చోట ఇంకోటి రెండోసారి పడినా కథలో 16 పేజీలు మాయం. కాబట్టి డబ్బిచ్చే ముందు 16, 32, 48 అలా ప్రతి ఫారం చివరా పేజీ అంకె సరిగ్గా సాగుతోందా చూడాలి. ముందు పేజీల్లోని పటం మసకబారి ఊళ్ల పేర్లు చదవడానికి రాకపోయినా అది నకలని అనుమానించాలి. వరుస పుస్తకాల్లో ఎన్నోదో వెన్ను మీద అంకె లేకపోతే, ముందు పేజీల్లో అదే రచయిత పుస్తకాల జాబితా చూడాలి. పొరపాటున రెండోది ముందు చదివిన పిల్లకు మొదటిదానిలోని చావు ముందే తెలిసిపోతుంది, ఆ నష్టం పూడ్చలేం.

ఆస్తిపన్నుతో పాటు రూపాయికి 8 పైసలు గ్రంథాలయాలకు కడుతున్నాం. శాఖా గ్రంథాలయాల్లో ఈ వయసుకు ఒక్క అర అడగడం ఎక్కువేమీ కాదు. గ్రంథాలయాలు పుస్తకాలకు అంకెలిచ్చే డ్యూయీ వర్గీకరణలో ఇంగ్లీషు నవల 823లోకి, తెలుగుది 894.827లోకి పోయి వేర్వేరు మూలల్లో ఉంటాయి. ఈ ఒక్క అరలో రెండూ కలిపి పెట్టి, వెన్నుకు 13 దాటినవారికి ఒక రంగు, 15 దాటినవారికి ఇంకో రంగు చీటీ అతికిస్తే చాలు. వరుస కొంటే మొత్తం కొనాలి, మొదటి భాగం మాత్రం రెండు ప్రతులు. ముందు నలిగేదీ, తిరిగి రానిదీ అదే.

మీకు నా సూచన 26 వారాల ధారావాహిక. వారానికి 1,200 మాటలు, బొమ్మతో కలిపి రెండు పేజీలు. మొత్తం 31,200 మాటలు. పేజీకి 200 చొప్పున పుస్తకం వేస్తే 156 పేజీలు, ముందు పేజీలు నాలుగు కలిపితే 160, అంటే సరిగ్గా పది ఫారాలు. రాతప్రతి మొత్తం చేతికొచ్చాకే మొదటి భాగం అచ్చు వేయండి. వారం వారం రాసేవారు మూడో వారంలో పెట్టిన నియమాన్ని పదిహేనో వారంలో మరిచిపోతారు, పిల్లలు మరిచిపోరు. ప్రతి భాగం మొదట్లో ‘జరిగిన కథ’ మూడు పంక్తులు చాలు. ప్రతి భాగాన్నీ ప్రమాదం అంచున ఆపకండి. ఒక వారం సంఘటన మీద, ఒక వారం మనసులో మాట మీద ఆపితే రెండూ నిలుస్తాయి. అక్షరం 12 పాయింట్లు, వరుసకు వరుసకు 17 ఉండనివ్వండి, లేకపోతే పై వరుస ఒత్తులు వచ్చి కింది వరుస గుడిదీర్ఘాలకు తగులుతాయి. చివర ‘నీతి’ అని మాత్రం వేయకండి. ఇంట్లో పెద్దవాళ్లు కూడా ‘ఇందులో నీతేమిటి’ అని అడగకుండా, ఆ వారం భాగం తామూ చదివి ‘ఆ పిల్ల అన్న గొంతు వినడం మానేస్తుందంటావా’ అని అడిగితే పిల్లలు తప్పక మాట్లాడతారు.

బడులు తెరిచే జూన్ నడుమ మొదలుపెడితే డిసెంబరు నడుమకు పూర్తవుతుంది. పదో తరగతి వాళ్లకు పరీక్షల ఒత్తిడి అప్పటికింకా ముదరదు, బుక్ ఫెయిర్ నాటికి పుస్తకమూ తయారవుతుంది. దానికి రాతప్రతి ఏప్రిల్‌లోగా మీ బల్ల మీద ఉండాలి కాబట్టి, రచయితలను పిలుస్తూ ఒక ప్రకటన ఈ సంక్రాంతి సంచికలోనే వేయమని ప్రార్థన.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
చిక్కడపల్లి, హైదరాబాద్