వస్తువుతో పాటు గది కూడా
సభ్యులందరికీ నమస్కారం. హైదరాబాదు నిజాం దగ్గర దివానుగా పనిచేసిన మూడవ సాలార్‌జంగ్ 1949లో కన్నుమూసిన తరువాత, ఆ కుటుంబం తరతరాలుగా సేకరించిన సామగ్రిని వారి నివాసమైన దివాన్ దేవ్డీలోనే సర్ది, 1951 డిసెంబరు 16న నెహ్రూ చేతుల మీదుగా మ్యూజియంగా తెరిచారు. 1968లో అది ఇప్పటి భవనానికి మారింది. వస్తువులు భద్రంగానే ఉన్నాయి గానీ వాటి గదులు వెనకే ఉండిపోయాయి; నా మట్టుకు అది చిన్న లోటు కాదు. దీనికి భిన్నంగా నిజాంల చౌమహల్లా ప్యాలెస్‌లో, నిజాం కుటుంబమే పూనుకొని బాగుచేయించిన ఖిల్వత్ దర్బారులో, పాలరాతి గద్దె షాండ్లియర్ల కింద తన పాత చోటనే ఉంది. ఈ తేడాను కళ్లారా చూడడానికి ఆదివారం రెండు చోట్లకూ వెళ్దామని ప్రతిపాదిస్తున్నాను (శుక్రవారం రెంటికీ సెలవు). వచ్చేవారు తమ ఇంటి పాత వస్తువు ఒకదాని ఫొటో తెచ్చి, అది ఏ గదిలో, ఎవరి చేతిలో మెలిగిందో వెనుక రాయగలరు. మా నాయనమ్మ ఆకుల పెట్టెకు సున్నం మరకలున్నాయి. వాటిని తోమవద్దని ఇంట్లో చెప్పాను.