గట్టిగా ఉన్న పళ్లను సెట్టు కోసం పీకించుకోకండి

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారములు.

మా కోనసీమలో సంతల దగ్గర, బస్టాండు గోడల మీద ‘ఒక్క పూటలో పళ్లు కట్టబడును’ అన్న రాతలు తరచు కనబడుతుంటాయి. అటువంటి రాత ఒకటి నమ్మి, ఏడేళ్ల కిందట కింది దవడలో గట్టిగా ఉన్న నాలుగు పళ్లను చేజేతులా పీకించుకున్నవాడిని కనుక, కట్టుడు పళ్ల గురించి నాకు ఆలస్యంగా తెలిసివచ్చిన సంగతులను మీ పత్రిక ద్వారా తోటి పెద్దవాళ్లకు చెప్పదలచాను.

అప్పటికి నాకు పైన ఒక్క పన్నూ లేదు. కింద రెండు కోరపళ్లు, వాటి పక్కన రెండు పళ్లు మిగిలాయి. ‘ఈ నాలుగూ ఉంటే సెట్టు కుదరదు, తీసేస్తే పైనా కిందా ఒకేసారి కట్టేస్తాం’ అన్నారు అక్కడివారు. నాకూ అది సబబుగానే తోచింది. పీకిన పదో రోజుకల్లా సెట్టు చేతికొచ్చింది. పైది బాగానే కుదిరింది కాని, కిందిది ఈనాటికీ నాలుక కదిపితే లేచిపోతుంది.

తరువాత ఒక దంతవైద్య కళాశాలలో చూపించుకున్నప్పుడు అక్కడి ఆచార్యులొకరు కారణం ఓపికగా వివరించారు. పై సెట్టుకు అంగిలి మొత్తం ఆధారం. సెట్టుకూ అంగిలికీ నడుమ పలుచని ఉమ్మి పొర ఉండి, అంచుల్లోంచి గాలి చొరబడకుండా ఉంటే, తడిసిన రెండు అద్దాలు అతుక్కున్నట్టు అది పట్టుకుని ఉంటుంది. కింది దవడకు ఆ వెసులుబాటు లేదు. అక్కడ ఉన్నది లాడం ఆకారపు సన్నని చిగురు గట్టు మాత్రమే. దాన్ని లోపలినుంచి నాలుక, బయటినుంచి బుగ్గ నెడుతూనే ఉంటాయి. పైగా పన్ను పోయిన చోట ఎముక అరిగిపోతుంది. ఆ అరుగుదల మొదటి ఏడాదిలో వేగంగా, ఆపైన నెమ్మదిగా జీవితాంతం సాగుతుంది. పై దవడతో పోలిస్తే కింది దవడలో దాదాపు నాలుగు రెట్లు ఎక్కువట. పన్నువేరు ఉన్నంతకాలం దాని చుట్టూ ఎముక నిలుస్తుంది. చెట్ల వేళ్లు గట్టును ఎలా కాపాడతాయో గోదావరి కోతను ఏటా చూసే లంక గ్రామాలవారికి నేను చెప్పనక్కరలేదు. కోరపన్ను వేరు అన్నిటిలోకీ పొడవైనది కనుక అది చాలామందిలో చివరిదాకా నిలబడుతుంది. దాని పైభాగాన్ని తగ్గించి, వేరుకు వైద్యం చేసి, దాని మీదుగానే సెట్టు కూర్చే పద్ధతి కూడా ఉందని విన్నప్పుడు నేనేం పోగొట్టుకున్నానో అర్థమైంది.

పై సెట్టుకూ కింది సెట్టుకూ ఉన్న తేడా మా బావగారికి ఇంకో విధంగా తెలిసింది. 2015 పుష్కరాలలో కోటిపల్లి రేవులో ఆయన మూడు మునకలు వేసి లేచేసరికి కింది సెట్టు గౌతమిలో కలిసిపోయింది. పై సెట్టు మాత్రం చెక్కుచెదరలేదు.

కొన్ని పళ్లు మిగిలినవారికి పాక్షిక సెట్టు కడతారు. మా ఆవిడకు కింద ముందు పళ్లు ఆరూ ఉన్నాయి, రెండు పక్కలా దవడపళ్లు లేవు. ఖాళీలు ఎక్కడున్నాయన్న దాన్ని బట్టి ఇటువంటి నోళ్లను నాలుగు తరగతులుగా విభజించిన కెన్నెడీ అనే అమెరికా వైద్యుడి పద్ధతి 1925 నాటిది. పాఠ్యపుస్తకాలలో నేటికీ అదే నడుస్తోంది. మా ఆవిడది అందులో మొదటి తరగతి. ఖాళీ వెనక ఆధారంగా పన్ను లేకపోవడం వల్ల నమిలేటప్పుడు సెట్టు కొంత చిగురు మీద, కొంత ముందు పళ్ల మీద ఆనాలి. తీగ కొక్కేలున్న అక్రిలిక్ (ఒక రకం ప్లాస్టిక్) సెట్టు చవక, త్వరగా అవుతుంది, కాని భారమంతా చిగురు మీదే పడుతుంది. కోబాల్ట్ క్రోమియం లోహంతో పోతపోసినది పలుచగా, గట్టిగా ఉండి, పళ్ల మీద చిన్న ఆనికలతో భారాన్ని పంచుతుంది; ఖరీదు ఎక్కువే. కొక్కెం పట్టిన పన్ను దగ్గర తిండి చేరి పుచ్చకుండా రోజూ శుభ్రం చేసుకోవాలి. ఆ సెట్టుతో మా ఆవిడ జంతికలు తింటోంది. నేను పూతరేకులతో సరిపెట్టుకుంటున్నాను.

ఒక్క పూటలో అయిపోయేది ఏమిటో కూడా చెప్పాలి. ఖాళీలో అక్కడికక్కడే గట్టిపడే అక్రిలిక్ ముద్ద పెట్టి, తీగతో పక్క పళ్లకు బిగించి, ‘ఇది తీయక్కరలేని పన్ను’ అంటారు. అసలైన తీయక్కరలేని పన్నుకు, అంటే బ్రిడ్జికి, పక్క పళ్లను అరగదీసి, కొలతలు తీసి, ల్యాబులో తయారైన తొడుగులను అతికిస్తారు. దాని కింద శుభ్రం చేసుకునే వీలుంటుంది. ముద్ద కింద కుళ్లేది చిగురే కాదు, దానికి ఆసరా ఇచ్చిన మంచి పళ్లు కూడా.

సరైన పూర్తి సెట్టుకు కనీసం నాలుగైదుసార్లు తిరగాలి. చిగురు మానడానికి మామూలుగా ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగి, రెండుసార్లు అచ్చులు తీసి, మైనపు గట్లతో రెండు దవడల పొందిక కొలిచి, మైనంలో పళ్లు గుచ్చి అద్దంలో చూపిస్తారు. మార్పులు అడగవలసింది అప్పుడే. పాత ఫొటో ఒకటి పట్టుకెళితే మేలు. పీకిన వెంటనే కట్టడం తప్పని కాదు, కాని చిగురు కుంచించుకుపోయాక సెట్టు లోపలి పొర మార్చాలి. ఆ మాట నాకెవరూ చెప్పలేదు. అంగిలిని కప్పే ముందు దాన్ని శ్రద్ధగా పరీక్షించడం కూడా అవసరం. కోస్తాలో అడ్డపొగ (చుట్ట నిప్పు కొనను నోట్లో ఉంచుకుని) తాగే పెద్దవాళ్లకు క్యాన్సరు మొదలయ్యే చోట్లలో అంగిలి ఒకటి.

కట్టించుకున్నాక మొదటి వారం ఉమ్మి ఎక్కువ ఊరుతుంది, స, శ అక్షరాలు తడబడతాయి. నేను మీ పత్రికనే పైకి చదివి సాధన చేశాను. ముందు పళ్లతో జామకాయ కొరికితే పూర్తి సెట్టు వెనక లేస్తుంది కనుక చిన్న ముక్కలుగా కోసి రెండు వైపులా నమలాలి. రాత్రి తీసి చల్లని నీళ్లలో ఉంచాలి, వేడి నీళ్లకు అది వంకరపోతుంది. కచ్చికతో, పళ్లపొడితో తోమితే గీతలు పడి బూజు చేరుతుంది. మధుమేహం ఉన్నవారికి ఆ బూజు బాధ మరీ ఎక్కువ.

రిజిస్టరు కానివారు దంతవైద్యం చేయరాదన్న నియమం 1948 నాటి దంతవైద్యుల చట్టం నుంచీ ఉంది. అందుచేత పళ్లు కట్టే ప్రకటన ఏదైనా వైద్యుని రిజిస్ట్రేషన్ నంబరు లేకుండా పత్రికలు అచ్చువేయకూడదని మనవి. కర్ణాటక ప్రభుత్వం ‘దంతభాగ్య’ పేరిట పేద వృద్ధులకు ఉచితంగా కట్టుడు పళ్లు ఇచ్చే పథకం తెచ్చింది. మన రాష్ట్రంలోనూ ఏరియా ఆసుపత్రులలో పన్ను పీకడంతో ఆపకుండా, పేదవారికి సెట్టు కట్టి, ఏడాది తరువాత సరిచేసే ఏర్పాటు చేయాలని, కాకినాడ మొదలు నరసాపురం వరకు ఉన్న మా డెల్టా ప్రజాప్రతినిధులు ఈ విషయాన్ని శాసనసభలో ప్రస్తావించాలని కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
అంబాజీపేట మండలం, కోనసీమ జిల్లా