కనెక్షన్ ఇవ్వడానికి బటన్ ఉంది, తీసేయడానికి లేదు

గౌరవనీయులైన ఫిర్యాదుల పరిష్కార అధికారి గారికి,

విషయం: బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్ రద్దు అభ్యర్థనను పట్టించుకోకపోవడం గురించి.

అయ్యా,

ఇల్లు మారుతున్నందున కనెక్షన్ రద్దు చేయమని కోరినందుకు మీ సంస్థ నన్ను గానుగెద్దులా తిప్పుతోంది. నెట్ వేగం మీద నాకే ఫిర్యాదూ లేదు.

రద్దు ఇప్పుడు ఆప్‌లోనే చేసుకోవాలని మీ కాల్ సెంటర్ అమ్మాయి మర్యాదగానే చెప్పింది. కొత్తగా మార్చిన ఆ ఆప్‌లో రద్దు అన్న మాటే లేదు కానీ, ప్లాన్ పెంచుకోమనే నారింజ రంగు బటన్ బిల్లు పేజీ నుంచి ఫిర్యాదు పేజీ దాకా వెంటాడుతూనే ఉంది. సెర్చ్‌లో ‘డిస్‌కనెక్ట్’ అని కొడితే, నెట్ తరచూ డిస్‌కనెక్ట్ అవుతుంటే రౌటర్ ఆపి మళ్లీ ఆన్ చేయమన్న సలహా వచ్చింది. చాట్‌బాట్ కూడా అదే చెప్పి, ‘మీ సమస్య తీరిందా?’ అని అడిగి, ‘తీరింది’, ‘తర్వాత చూస్తాను’ అనే రెండు బటన్లు మాత్రమే చూపింది. తీరలేదని చెప్పే వీలు మీ కస్టమర్లకు లేదన్నమాట.

మళ్లీ ఫోన్ చేస్తే ఒకరు ‘అకౌంట్’లో చూడమన్నారు, ఇంకొకరు ‘సెట్టింగ్స్’లో ఉందన్నారు. అక్కడా లేదు బాబూ అంటే, ‘మాకు కనిపించే స్క్రీన్ వేరు సార్’ అని, సూపర్‌వైజర్‌కు కలుపుతానంటూ కాల్ కట్ చేశారు. ఆ వెంటనే, మీ ఫిర్యాదు పరిష్కారమైంది, 5 స్టార్లు ఇవ్వండి అన్న మెసేజ్ వచ్చింది. ఆ కుర్రాళ్లను నేను తప్పుపట్టను. వాళ్ల ముందున్న స్క్రీన్ కూడా మీరు పెట్టించిందే కదా. మీకు రాసిన మెయిళ్లకు జవాబు లేకపోయినా, బిల్లు మాత్రం తారీఖు తప్పకుండా వస్తోంది.

మా కాలనీకి మీ కేబుల్ వచ్చిన కొత్తలోనే చేరినవాణ్ణి. నా మాట మీద మీ కనెక్షన్ పెట్టించుకున్న ఇళ్లు మా వీధిలోనే ఉన్నాయి. ఆ రోజుల్లో లైన్‌మన్‌కు ఒక్క మాట చెబితే పని జరిగేది.

కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబర్ 30న నోటిఫై చేసిన మార్గదర్శకాల్లోని 13 డార్క్ ప్యాటర్న్‌లలో, అంటే కస్టమర్లను మభ్యపెట్టే డిజైన్ ఎత్తుగడల్లో, చందా రద్దు చేసుకునే ఆప్షన్‌ను దాచిపెట్టడం కూడా ఉంది. చేరే దారిని అంత నున్నగా వేసిన మీ డిజైనర్లు, వెళ్లే దారిని మరిచిపోయారంటే నమ్మలేను. రద్దు కోరిన తర్వాత వేసిన బిల్లులు ఎత్తివేసి, నా డిపాజిట్ తిరిగి ఇచ్చి, ఆ మేరకు ఒక మనిషి పేరుతో లిఖితపూర్వకంగా తెలియజేయగలరు. లేని పక్షంలో, స్క్రీన్‌షాట్లన్నీ జతచేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కూ, జిల్లా వినియోగదారుల కమిషన్‌కూ వెళ్తాను. నష్టపరిహారం ఎంతన్నది అక్కడే తేల్చుకుందాం.

ఇట్లు,
మీ పాత కస్టమర్