అగనంపూడి ఆస్పత్రి బోర్డు మీది పేరు

సంపాదకులకు నమస్కారం.

మొన్న మంగళవారం మా ఆవిడ చెకప్ కోసం అగనంపూడి క్యాన్సర్ ఆస్పత్రికి వెళ్లాం. ఓపీ దగ్గర కూర్చుంటే పక్కనున్న పెద్దాయన బోర్డు వైపు చూసి, "అందరూ టాటా ఆస్పత్రి అంటారు కదండీ, ఈ హోమీ భాభా ఎవరు?" అని అడిగారు. పాయకరావుపేట నుంచి తెల్లవారకుండానే బయల్దేరి వచ్చారట. మా నంబర్ పిలిచేలోగా సగమే చెప్పగలిగాను. మిగతా సగానికి ఈ ఉత్తరం.

హోమీ భాభా మన దేశ అణుశక్తి కార్యక్రమానికి పునాది వేసిన శాస్త్రవేత్త. ఆయనకి ఒక మేనత్త ఉండేవారు, మెహర్‌బాయి. జంషెడ్‌జీ టాటా పెద్దకొడుకు దొరాబ్జీకి భార్య. వాళ్లకు పిల్లల్లేరు. 1931లో ఆవిడ రక్త క్యాన్సర్‌తో పోయారు. ఏడాది తిరక్కుండా, 1932 మార్చిలో, దొరాబ్జీ తన ఆస్తంతా తన పేరున పెట్టిన ట్రస్టుకు రాసేశారు. కంపెనీ వాటాలు, స్థలాలు, భార్య నగలు, చివరికి తన ముత్యాల టైపిన్ను కూడా. ఆ జూన్‌లోనే ఆయనా కన్నుమూశారు. ఆవిడ పేరున రక్త క్యాన్సర్ పరిశోధన కోసం విడిగా ఇంకో ట్రస్టు కూడా ఏర్పాటు చేసి వెళ్లారు.

మెహర్‌బాయి వజ్రం అమ్మి ముంబై పరేల్‌లోని టాటా క్యాన్సర్ ఆస్పత్రి కట్టారని వాట్సాప్‌లో తిరుగుతోంది. కాస్త సరిచేయాలి. మెహర్‌బాయి జూబ్లీ వజ్రం 245 క్యారెట్లు, కోహినూరుకు రెట్టింపు పైనే. 1924లో టాటా ఉక్కు కంపెనీలో జీతాలకు కూడా డబ్బు లేనప్పుడు, దొరాబ్జీ దాన్ని మిగతా ఆస్తితో కలిపి ఇంపీరియల్ బ్యాంకులో తాకట్టు పెట్టారు. కంపెనీ గట్టెక్కింది. వజ్రాన్ని అమ్మింది ఇద్దరూ పోయాకే. ఆ డబ్బు దొరాబ్జీ ట్రస్టుకు చేరింది.

ఊరు, దేశం, మతం తేడా చూడకూడదని ట్రస్టు పత్రంలోనే రాశారు. నా మనసుకు హత్తుకున్నది ఆ ఒక్క మాటే. మన వైపు దాతలకు ఏనాడూ కొదవ లేదు. కులం పేరున సత్రాలు, హాస్టళ్లు ఎన్నో కట్టించారు. వాటి మేలు నేను కాదనను, మా అన్నయ్య అలాంటి హాస్టల్లో ఉండే డిగ్రీ పూర్తి చేశాడు. కానీ ఇప్పుడు కొత్తగా ట్రస్టు పెడుతున్నవాళ్లు, అమెరికా నుంచి డబ్బు పంపుతున్నవాళ్లు ఆ గీత చెరిపేసి రాయాలని చేతులెత్తి అడుగుతున్నాను.

ఎందుకంటే 2005లో మా ఆవిడకు రొమ్ము క్యాన్సర్ అని తేలినప్పుడు మాకు పరేల్‌లో ఎవరూ తెలియదు. హిందీ కూడా అంతంతమాత్రం. దాదర్‌లో గాడ్గే మహరాజ్ ధర్మశాలలో చాప మీద పడుకునేవాళ్లం. పొద్దున్నే ఎక్స్‌రే కవర్లు చంకలో పెట్టుకుని ఆస్పత్రికి. లైన్లో మా ముందు బీహార్ వాళ్లు, వెనక అస్సాం వాళ్లు. టెన్షన్‌తో నాకు నోట మాట రాకపోతే, మా తెలుగు విని ఒకావిడ దగ్గరికొచ్చారు. కరీంనగర్ నుంచి మిల్లు పనికి వచ్చి లోయర్ పరేల్‌లో స్థిరపడిన పద్మశాలీల ఇంటి ఆడపడుచు. డాక్టరు చెప్పిందంతా మా ఆవిడ చెయ్యి పట్టుకుని తెలుగులో చెప్పారు. మా ఇంటిపేరు గానీ, మేం ఎవరమని గానీ అక్కడ ఒక్కరూ అడగలేదు.

ఆ పరేల్ ఆస్పత్రిని ట్రస్టు 1941 ఫిబ్రవరి 28న తెరిచింది. 1957లో కేంద్ర ఆరోగ్య శాఖకు అప్పగించింది. 1962లో అది అణుశక్తి శాఖ కిందికి వెళ్లింది. అప్పుడు ఆ శాఖ పెద్ద మెహర్‌బాయి మేనల్లుడు హోమీ భాభాయే. ఆయన 1944లో రాసిన ఉత్తరంతో ఇదే ట్రస్టు 1945లో టాటా మౌలిక పరిశోధనా సంస్థను కూడా పెట్టింది. అగనంపూడి ఆస్పత్రి పరేల్ ఆస్పత్రికి పిల్ల శాఖ. అంటే ఇది ఇప్పుడు నడిచేది ప్రభుత్వ సొమ్ముతో, మన పన్నులతో. తిరుపతిలో 2022లో తెరిచిన క్యాన్సర్ ఆస్పత్రి మాత్రం టాటా ట్రస్టులు తితిదే స్థలంలో కట్టించినది.

బోర్డు మీద మేనల్లుడి పేరు ఉంది. మేనత్త ఫొటో ఒక్కటి, నాలుగు మాటలతో, మీ విశాఖ ఎడిషన్‌లో వేయగలరా? పాయకరావుపేట పెద్దాయన వచ్చే నెల రెండో మంగళవారం మళ్లీ వస్తారట. ఆ కటింగ్ ఆయన చేతికిస్తాను.

– టెలిఫోన్స్ విశ్రాంత ఉద్యోగి,
గాజువాక