సోమవారం పట్టీల ప్రోగ్రాం ఎందుకు బిగుసుకుపోయిందంటే

మిర్చి యార్డు కమీషన్ కొట్ల వాళ్లందరికీ, గుమాస్తాలకూ నమస్కారం.

సోమవారం సాయంత్రం మీలో తొమ్మిది కొట్లలో మా పట్టీల ప్రోగ్రాం, అంటే రైతుకిచ్చే అమ్మకం లెక్క చీటీలు తీసేది, కదలకుండా నిలిచిపోయింది. తప్పు మాదే. మీ కంప్యూటర్లదీ కాదు, కరెంటుదీ కాదు. "రీస్టార్ట్ చేసి చూడండి" అని మా కుర్రాడు ఫోన్లో చెప్పాడు. వాడిని తిట్టకండి, అలా చెప్పమన్నది నేనే.

పాత నల్ల తెర ప్రోగ్రాం, అంటే విండోస్‌కు ముందటి డాస్ మీద నడిచేది, 1998లో టర్బో సీలో నేనే రాశాను. 64 బిట్ విండోస్ మీద పాత డాస్ ప్రోగ్రాంలు నడవవు కాబట్టి ఇన్నాళ్లూ డాస్‌ను అనుకరించే డాస్‌బాక్స్‌తో నెట్టుకొచ్చాం. రైతు పేరు తెలుగులో పడాలని మీరు అడిగారు. నల్ల తెర మీద మన ఒత్తులు కుదురుగా నిలబడవు. అందుకే విండోస్ తెరకు మారాం.

మొత్తం కొత్తగా రాసెయ్యమని అందరూ అన్నారు. ఈ ఒక్క విషయం మీద ఎన్ని రాత్రులు నిద్ర పోలేదో మా ఇంట్లోవాళ్లను అడగండి. తరుగు, హమాలీ, కమీషన్ పైసా తేడా లేకుండా ఇన్ని సీజన్లు లెక్కగట్టిన కోడ్ అది. చెరిపే ధైర్యం లేదు. మనసు అసలే లేదు.

చిక్కేమిటంటే, పాతది "టిక్కీలు ఎన్ని?" అని, అంటే బస్తాలెన్నని, అడిగి, మీరు ఎంటర్ కొట్టేదాకా అక్కడే కూర్చుంటుంది. విండోస్‌లో అలా కూర్చుంటే కుదరదు. కీ నొక్కారు, మౌస్ కదిలింది, తెర మళ్లీ గీయాలి అంటూ కబుర్లు వస్తూనే ఉంటాయి. ఐదు సెకన్లపాటు అందుకోకపోతే పైన 'నాట్ రెస్పాండింగ్' అని పడుతుంది. అందుకని రెండు థ్రెడ్లు, అంటే ఒకే ప్రోగ్రాంలో పక్కపక్కనే నడిచే రెండు పనులు, పెట్టాను. ఒకటి తెర చూసుకుంటుంది, రెండోదాంట్లో పాత లెక్క నడుస్తుంది. మీరు కొట్టింది తెర థ్రెడ్డు క్యూలో వేస్తే పాతది నిద్ర లేచి తీసుకుంటుంది. తను ఇంకా నల్ల తెర ముందే ఉన్నాననుకుంటుంది, పాపం. తెరను ముట్టుకునే హక్కు మాత్రం దానికి లేదు.

ఆ కట్టుబాటును తప్పించింది మేం డబ్బు పెట్టి కొన్న ప్రింటింగ్ కాంపొనెంటు, అంటే ప్రింట్ తీసే రెడీమేడ్ కోడ్ ముక్క. ఏ థ్రెడ్డు నుంచి పిలిచినా ఫరవాలేదని దాన్ని అమ్మినవాళ్ల పుస్తకంలో రాసుంది. నిజానికి అది లోపల్లోపల తెర థ్రెడ్డును అడిగి, జవాబొచ్చేదాకా ఆగుతుంది. మీరు ఆఖరి పట్టీ ప్రింట్ కొట్టి వెంటనే ప్రోగ్రాం కిటికీ (విండో) మూశారు. పాతది ముగిసేదాకా ఆగుదామని తెర, తెర పలికేదాకా ఆగుదామని పాతది. గుమ్మంలో "మీరు ముందు నడవండి" అంటే "మీరే నడవండి" అనుకుంటూ నిలబడ్డ వియ్యంకుల్లా రెండూ నిలబడిపోయాయి. మీరు ఎండ్ టాస్క్ కొట్టి ప్రోగ్రాంను బలవంతంగా ఆపేశారు. పట్టీ రైతు చేతికి వెళ్లింది, ఖాతాకు ఎక్కలేదు. ఆ కాంపొనెంటు అమ్మినవాళ్లకు మూడు ఉత్తరాలు రాశాను. కొత్త వెర్షన్ కొనమన్నారు! కొనను. ఆ ముక్క పీకేసి నేనే రాసుకున్నాను. ప్రింట్ మధ్యలో కిటికీ మూసి ఒక్కసారైనా చూసుకోకపోవడం మాత్రం పూర్తిగా నా తప్పు.

ఇప్పుడు పాత థ్రెడ్డు తెరకు చీటీ వేసి జవాబు కోసం ఆగకుండా తన పని తాను చేసుకుంటుంది. అది ముగిశానని చెప్పాకే కిటికీ మూసుకుంటుంది. ముందు ఖాతా, తర్వాతే ప్రింట్.

యార్డు మూశాక మేమే వచ్చి మార్చి వెళ్తాం, డబ్బులు వద్దు. సోమవారం పట్టీల నకళ్లు తీసి ఉంచండి, కూర్చుని ఖాతాకు ఎక్కిద్దాం. ఒకాయన "మీ వయసు అయిపోయింది, కుర్రాళ్ల దగ్గర కొనుక్కుంటాం" అన్నారు. ఆయన కొట్టుకే ముందు వస్తాను.